ఎన్నూరు థర్మల్ స్టేషన్: ఒక సవరణ, కొంత చరిత్ర

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఎన్నూరు థర్మల్ విద్యుత్ కేంద్రం గురించి వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. చెన్నైలో ఉంటున్న తెలుగువారికి ఉత్తర చెన్నై గురించి తెలుగులో చదివే అవకాశం అరుదుగా వస్తుంది కనుక ముందుగా ఆ వ్యాసం వేసినందుకు కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసంలో ఫోటో కింద రాసిన వివరం పొరపాటు. ఆ సంగతి చివరలో చెబుతాను. దానికంటే ముఖ్యమైన అభ్యంతరం మరొకటి ఉంది. 1970లో పుట్టి 2017లో కన్నుమూసిన ఒక మనిషి జీవిత చరిత్రలాగా ఆ కేంద్రం కథను వ్యాసకర్త నడిపించారు. నలభై ఏడేళ్ల ఆయుష్షు, అయిదు యూనిట్లు, 450 మెగావాట్లు, అంతటితో సమాప్తం. నేను తండయార్‌పేటలో పుట్టి పెరిగి, రైల్వే గూడ్సు విభాగంలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. బొగ్గు రేకుల (అంటే ఒక బండిగా కూర్చిన వ్యాగన్ల వరుసల) లెక్కలు రాయడమే చాలాకాలం నా ఉద్యోగం. ఆ చనువుతో, ఈ కథకు వ్యాసకర్త గీసిన రెండు హద్దులూ సరిపోవని చెప్పదలిచాను. లేఖ కొంత పొడవైతే మన్నించండి.

నెల్లూరు, గూడూరు, సూళ్లూరుపేట వైపు నుంచి చెన్నై సెంట్రల్‌కు రైల్లో వచ్చే మీ పాఠకులందరూ ఈ చరిత్రను తమకు తెలియకుండానే చాలాసార్లు చూసి ఉంటారు. మీంజూరు దాటాక అత్తిపట్టు వస్తుంది. అక్కడ ఎడమవైపు కిటికీ పక్కన కూర్చున్నవారికి దూరాన పొగగొట్టాలు కనిపిస్తాయి. తరువాత రైలు ఉప్పుటేరు మీది వంతెన దాటి ఎన్నూరు, కత్తివాక్కం, తిరువొత్తియూరు, తండయార్‌పేట, కొరుక్కుపేట స్టేషన్ల మీదుగా బేసిన్ బ్రిడ్జి చేరుతుంది. అక్కడ సెంట్రల్‌లో ప్లాట్‌ఫారం ఖాళీ అయ్యేదాకా బండి నిలబడిపోతుంది. అప్పటికే సామాన్లు దించుకుని తలుపు దగ్గర నిలబడ్డ ప్రయాణికులు విసుక్కుంటూ ఉంటారు. ఆ విసుగులో ఎవరూ గమనించరు గానీ, మద్రాసు నగరపు బొగ్గు కరెంటు మొదలైన చోటు అదే. అంటే ఆంధ్ర వైపు నుంచి వచ్చే బండి ఈ చరిత్రను చివరి పుట నుంచి మొదటి పుటకు తిరగేస్తుంది. దాన్ని సరైన వరుసలో చదవాలంటే బేసిన్ బ్రిడ్జి దగ్గర మొదలుపెట్టి ఉత్తరానికి నడవాలి.

బేసిన్ అంటే పడవలు నిలిచే మడుగు. 19వ శతాబ్దం తొలి ఏళ్లలో బేసిల్ కాక్రేన్ అనే వ్యాపారి మద్రాసు నుంచి ఎన్నూరు దాకా ఉప్పునీటి కాలువ తవ్వించాడు. 1837లో ప్రభుత్వం దాన్ని తీసుకుంది. ఆ తరువాత అది అంచెలంచెలుగా ఉత్తరానికి పెరిగి, ధాత కరువు రోజుల్లో కరువు కూలీల చేతుల మీదుగా నగరం నడిబొడ్డున కూడా తవ్వబడి, 1878లో అప్పటి గవర్నరు పేరు మీద బకింగ్‌హాం కాలువ అయింది. శ్రీహరికోట అడవి కట్టెలు, ఎన్నూరు వైపు ఉప్పు, నెల్లూరు బియ్యం ఆ కాలువ మీదనే మద్రాసుకు చేరేవి. మా తాతగారు సూళ్లూరుపేట దగ్గరి ఊరి నుంచి కట్టెల పడవ మీద వచ్చి, బేసిన్ రేవులో సరుకు దించి, మూడు రోజులకు తిరిగి వెళ్లేవారట. ఒకసారి తిరిగి వెళ్లలేదు, ఇక్కడే ఉండిపోయారు. ఆయన చెప్పగా మా నాన్నగారు విని మాకు చెప్పిన మాటల్లో పవర్ హౌస్ ప్రసక్తి ఎప్పుడూ వచ్చేది. కట్టెలు కాల్చే ఊరికి కట్టెలు తెచ్చిన మనిషి, రాతిబొగ్గు కాల్చే కొత్త పొయ్యిని ఆ రేవు ఒడ్డునే చూసి, తన బేరం ఇక ఎన్నాళ్లు సాగుతుందోనని లెక్క వేసుకున్నాడట.

మద్రాసులో కరెంటు అంతకు ముందే వచ్చింది. 1895 మే 7న ఇక్కడ కరెంటు ట్రాములు నడవడం మొదలైంది. దేశంలో అదే మొదలు. ఇళ్లకు, వీధులకు కరెంటు ఇవ్వడానికి మద్రాస్ ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ అనే ఆంగ్లేయ కంపెనీ 20వ శతాబ్దపు తొలి దశాబ్దంలో బేసిన్ బ్రిడ్జి దగ్గర బొగ్గుతో నడిచే పవర్ హౌస్ పెట్టింది. చోటు ఎంపికలో పెద్ద రహస్యం ఏమీ లేదు. పక్కనే రైలు పట్టాలు, పక్కనే కాలువ, కొద్ది దూరంలో హార్బరు. బొగ్గు రావాలి, నీళ్లు ఉండాలి, బూడిద పారెయ్యడానికి చోటుండాలి. ఈ మూడు షరతులనూ పాఠకులు గుర్తుపెట్టుకుంటే, తరువాతి నూరేళ్లలో ఈ పొయ్యి ఎటు జరిగిందో, ఎందుకు జరిగిందో వేరుగా వివరించనక్కరలేదు.

1930లలో పైకారా, మెట్టూరు జలవిద్యుత్తు వచ్చాక రాజధాని పరిస్థితి కొంత మారింది. 1947లో ప్రభుత్వం ఆ కంపెనీని స్వాధీనం చేసుకుంది. 1953 ఏప్రిల్‌లో ట్రాములు ఆగిపోయాయి. అదే సంవత్సరం అక్టోబరులో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. ‘మద్రాసు మనదే’ అని గొంతు చించుకున్నవారిలో మా వీధివాళ్లు కూడా ఉన్నారు. నగరంతోపాటు నగరపు పొయ్యి కూడా అటే ఉండిపోయింది. 1957 జూలైలో విద్యుత్ బోర్డు ఏర్పడి, కరెంటు వ్యవహారమంతా దాని చేతికి వచ్చింది. బేసిన్ బ్రిడ్జి బొగ్గు కేంద్రం ఇప్పుడు లేదు. 1996 నుంచి అక్కడ 30 మెగావాట్ల గ్యాస్ టర్బైన్లు నాలుగు ఉన్నాయి. మీ వ్యాసంలో బేసిన్ బ్రిడ్జి పేరు ఒక్కసారి కూడా రాలేదు. ఎన్నూరు కేంద్రాన్ని ‘చెన్నై మొదటి బొగ్గు విద్యుత్ కేంద్రం’ అనడం అందుకే తప్పు. బోర్డు తన కోసం తాను కట్టుకున్న మొదటి పెద్ద బొగ్గు కేంద్రం అని ఉంటే సరిపోయేది. 1962 నుంచే కరెంటు ఇస్తున్న నైవేలి కేంద్ర ప్రభుత్వానిది, పైగా అక్కడ కాలేది లిగ్నైటు.

ఇక ఎన్నూరు. 1960లలో ఈ రాష్ట్రపు కరెంటు చాలావరకు కొండల మీది నీళ్ల దయ మీద ఆధారపడి ఉండేది. వాన తప్పితే మిల్లులకు కోత పెట్టవలసిందే. మద్రాసుకు ఉత్తరాన అప్పటికే లారీల కర్మాగారం వచ్చింది, మణలిలో చమురు శుద్ధి కర్మాగారం వచ్చింది, ఎరువుల ఫ్యాక్టరీ వస్తోంది. వానతో నిమిత్తం లేని కరెంటు నగరానికి దగ్గరలోనే కావాలి. ఉప్పుటేరూ సముద్రమూ ఒక పక్క, కలకత్తా రైలు మార్గం ఒక పక్క ఉన్న ఎర్ణావూరు, కత్తివాక్కం ప్రాంతం అలా ఎంపికైంది. బేసిన్ బ్రిడ్జి నాటి మూడు షరతులే ఇక్కడా వర్తించాయి, అయితే ఈసారి చోటు పెద్దది.

మొదటి 60 మెగావాట్ల యూనిట్ 1970 మార్చి 31న పనిలోకి వచ్చింది. అంతే సామర్థ్యం గల రెండోది 1971లోను, 110 మెగావాట్ల యూనిట్లు మూడూ 1972, 1973, 1975 సంవత్సరాలలోను వచ్చాయి. చెకోస్లొవేకియా సాంకేతిక సహకారంతో తిరుచ్చి భెల్‌లో బాయిలర్లు, మన హైదరాబాదు రామచంద్రాపురం భెల్‌లో 60, 110 మెగావాట్ల టర్బైన్లు తయారవుతున్న కాలం అది. ఇప్పుడు 800 మెగావాట్ల యూనిట్లు చూస్తున్నవారికి 60 అంటే ఆటబొమ్మలా తోచవచ్చు. ఆనాడు అదే ఒక ఘనకార్యం.

ఇక్కడ కొంతసేపు బొగ్గు గురించి రాయనివ్వండి. నాకు బాగా తెలిసిన విషయం అదే, మీ వ్యాసంలో అసలు లేనిదీ అదే. ఎన్నూరుకు దగ్గరలో బొగ్గు గని ఏదీ లేదు. ఒరిస్సా తాల్చేరు బొగ్గు రైలెక్కి పారాదీప్ రేవుకు, బెంగాలు రాణిగంజ్ బొగ్గు హల్దియాకు చేరేవి. కొంత విశాఖపట్నం రేవు నుంచీ వచ్చేది. అక్కడ ఓడకెక్కి మద్రాసు హార్బరులో దిగి, మళ్లీ వ్యాగన్లలోకెక్కి రాయపురం, కొరుక్కుపేట మీదుగా ఎన్నూరు చేరేది. ఈ ఓడల రవాణా కోసమే 1974లో తమిళనాడు ప్రభుత్వం పూంపుహార్ షిప్పింగ్ కార్పొరేషన్‌ను పెట్టింది. తరువాతి దశాబ్దంలో దానికి తమిళ్ అణ్ణా, తమిళ్ పెరియార్, తమిళ్ కామరాజ్ అనే మూడు ఓడలు సమకూరాయి. హార్బరులో ఏ ఓడ బెర్తుకొచ్చిందో వాకబు చేస్తే, మర్నాడు యార్డులో ఎన్ని రేకులు కూర్చాలో మాకు అంచనా వచ్చేది. మూడుసార్లు ఎత్తి మూడుసార్లు దించిన బొగ్గు గని దగ్గరి బొగ్గులాగా ఉండదు. ప్రతి ఎత్తుడుకూ ప్రతి దించుడుకూ కొంత నుసి అవుతుంది, కొంత గాలికి పోతుంది, కొంత తడుస్తుంది. కార్తీక మాసపు తుపాను వానల్లో తడిసిన బొగ్గు వ్యాగను అడుగున బంకలాగా పట్టుకుని, వ్యాగనును బోర్లించినా రాలేది కాదు. గడ్డపలుగులతో పొడిచి రాల్చేవారు. ఆలస్యమైన ప్రతి గంటకూ డెమరేజి, అంటే వ్యాగన్లు ఆపుకున్నందుకు జరిమానా. ఆ డెమరేజి కాగితాల మీద మా కార్యాలయానికీ స్టేషను కార్యాలయానికీ జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలను కట్టగడితే రెండు బీరువాలు నిండుతాయి.

లెక్క కూడా చెబుతాను. 450 మెగావాట్ల కేంద్రం ఆగకుండా ఒక రోజు నడిస్తే 1 కోటి 8 లక్షల యూనిట్ల కరెంటు వస్తుంది. మన దేశపు బొగ్గుతో యూనిట్‌కు తక్కువలో తక్కువ 700 గ్రాములు వేసుకున్నా 7,500 టన్నులు దాటుతుంది. 58 వ్యాగన్ల రేకుకు సుమారు 3,700 టన్నులు అనుకుంటే, రోజుకు రెండు నిండు రేకులు. వీటిలో ఒక్కటి ఆలస్యమైతే నిల్వ గుట్ట తరగడం మొదలయ్యేది. గుట్ట తరుగుతోందంటే నగరంలో ఎక్కడో కోత పడుతుందని అర్థం. ఫ్యాను ఆగిపోయినప్పుడు నగరవాసి విద్యుత్ బోర్డును తిట్టుకునేవాడు. మేము పారాదీప్‌లో తుపాను పట్టిందా అని అడిగేవాళ్లం.

లోపలికి వెళ్లిన బొగ్గు కన్వేయరు మీద బంకరుకు, బంకరు నుంచి మిల్లుకు చేరుతుంది. మిల్లులో ముఖానికి రాసుకునే పౌడరంత మెత్తగా నలిగి, వేడిగాలితో కలిసి బాయిలరులోకి దూరి, గాలిలోనే భగ్గున అంటుకుంటుంది. పొయ్యిలో కట్టె కాలినట్టు అక్కడ బొగ్గు ముద్దగా కాలదు. ఆ వేడికి ఆవిరి, ఆవిరికి టర్బైను, టర్బైనుకు జనరేటరు తిరుగుతాయి. పని అయిపోయిన ఆవిరిని చల్లార్చి మళ్లీ నీరు చెయ్యడానికి కండెన్సరుకు లెక్కలేనంత నీరు కావాలి. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ స్టేషన్ కోసం కిన్నెరసాని మీద జలాశయం కట్టవలసి వచ్చిన కారణం ఇదే. ఇక్కడ ఉప్పుటేరూ సముద్రమూ దగ్గర ఉండడం కలిసివచ్చింది. ఇవన్నీ పాఠ్యపుస్తకంలో ఉండే విషయాలే కదా అని మీరు అనవచ్చు. పాఠ్యపుస్తకం సాధారణంగా జనరేటరు దగ్గర ఆగిపోతుంది, మీ వ్యాసం కూడా అక్కడే ఆగిపోయింది. బొగ్గులో దాదాపు మూడో వంతు మట్టి, రాయి. అది కాలదు, బూడిదగా మిగులుతుంది. పై లెక్క ప్రకారమే చూస్తే రోజుకు 2,500 టన్నులు. బరువైనది బాయిలరు అడుగున పడుతుంది, తేలికైనది పొగతోపాటు పైకి లేస్తుంది. పట్టుకోగలిగినంత పట్టుకుని, నీళ్లతో కలిపి పల్చని రొచ్చులాగా గొట్టాల ద్వారా బూడిద చెరువుకు పంపుతారు. వచ్చిన కరెంటు అదే క్షణంలో నగరంలో ఖర్చయిపోతుంది. బూడిద మాత్రం ఎక్కడ పోస్తే అక్కడ ఉంటుంది. 1970 నుంచి 2017 దాకా తయారైన కరెంటులో ఒక్క యూనిట్ కూడా ఇవాళ లేదు. ఆ కాలపు బూడిద సిమెంటులోకో ఇటుకలోకో పోయింది పోగా మిగిలినది అక్కడే ఉంది.

ఆ తరువాత పొయ్యి మరో మెట్టు ఉత్తరానికి జరిగి, ఉప్పుటేరు దాటింది. ఉత్తర చెన్నై థర్మల్ స్టేషన్ మొదటి దశలో 210 మెగావాట్ల యూనిట్లు మూడు, 1994 నుంచి 1996 లోపల వచ్చాయి. దానికి బొగ్గు దించడమే ముఖ్య ప్రయోజనంగా ఎన్నూరు ఓడరేవు కట్టారు. 2001లో అప్పటి ప్రధాని వాజపేయి దాన్ని ప్రారంభించారు. ఇప్పుడు దాని పేరు కామరాజర్ రేవు. 2011లో మద్రాసు హైకోర్టు ఆదేశాల వల్ల చెన్నై హార్బరులో బొగ్గు, ఇనుప ఖనిజం దించడం ఆగిపోయి, ఆ సరుకు కూడా ఎన్నూరుకే మళ్లింది. రాయపురం వాసులు ఊపిరి పీల్చుకున్నారు. నిజంగానే వారికి మేలు జరిగింది, దాన్ని కాదనను. కానీ నుసి అంతం కాలేదు, చిరునామా మార్చుకుంది. తరువాత వల్లూరులో కేంద్ర, రాష్ట్ర సంస్థల ఉమ్మడి కేంద్రం 500 మెగావాట్ల యూనిట్లు మూడింటితో వచ్చింది. అందులో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఇతర దక్షిణాది రాష్ట్రాలకూ వాటా ఉంది కనుక ఇది పూర్తిగా పొరుగువారి గొడవ అని మీ పాఠకులు అనుకోనక్కరలేదు. ఉత్తర చెన్నై రెండో దశ 600 మెగావాట్లవి రెండు, 2024 మార్చిలో ప్రారంభమైన మూడో దశ 800 మెగావాట్లది ఒకటి. కూడితే ఉప్పుటేరుకు ఉత్తరాన 4,130 మెగావాట్లు. అంటే ఎన్నూరులో 450 ఆరిపోయాయని మీరు రాసిన చోటికి కొద్ది కిలోమీటర్లలోనే, దానికి తొమ్మిది రెట్లు మండుతున్నాయి. ‘ఎన్నూరులో బొగ్గు శకం ముగిసింది’ అన్న మీ శీర్షిక చూసి మా వీధిలో ఒక పెద్దాయన, ‘అయితే ఈ కిటికీ ఊచల మీది నలుపు ఏ శకానిది?’ అని అడిగాడు.

ఆ ఉప్పుటేరుకు నీరు తెచ్చే నది గురించి ఒక మాట చెప్పాలి. తమిళులు కొసస్తలై ఆరు అంటారు. మనకది కుశస్థలి. కార్వేటినగరం వైపు కృష్ణాపురం జలాశయం ఆ నది మీదిదే. నగరి ఏరును కలుపుకుని, పూండి జలాశయాన్ని దాటి, చివరకు ఎన్నూరు మొగ దగ్గర సముద్రంలో కలుస్తుంది. చిత్తూరు సీమ వాన నీరు ఈ బూడిద పక్కనుంచే సముద్రానికి పోతుంది. సెప్పాక్కంలో ఉన్న ఉత్తర చెన్నై స్టేషన్ బూడిద చెరువుకు వెళ్లే గొట్టాలు ఏటిలోకి కారడం, ఏరు మేట వేసుకుపోవడం, రొయ్య తగ్గిపోవడం గురించి కాట్టుకుప్పం, ముగద్వారకుప్పం పల్లెకారులు ఏళ్ల తరబడి మొర పెట్టుకున్నారు. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. 2022లో దక్షిణ ప్రాంత బెంచి ఆ కాలుష్యానికి బాధ్యత నిర్ణయించి, ఏటిని బాగుచెయ్యాలని ఆదేశించింది. ఇది బహిరంగంగా ఉన్న తీర్పు. మీ వ్యాసంలో దీనికి దక్కింది ‘కొన్ని పర్యావరణ సమస్యలు కూడా తలెత్తాయి’ అన్న ఒక్క వాక్యం. కేంద్ర పర్యావరణ శాఖ ఎగిరే బూడిద వాడకం మీద తొలి ఉత్తర్వు ఇచ్చింది 1999లో. ఎన్నూరు మొదటి యూనిట్‌కు అప్పటికి ఇరవై తొమ్మిదేళ్లు. నూరు శాతం వాడి తీరాలని, లేకుంటే పరిహారం కట్టాలని చెప్పిన ఉత్తర్వు 2021 డిసెంబరు 31న వచ్చింది. ఎన్నూరు మూతపడి అప్పటికి నాలుగేళ్లు దాటింది. ఈ తేదీలను యూనిట్ల తేదీల పక్కన పెట్టి చూస్తేనే ఆ కేంద్రం చరిత్ర పూర్తిగా కనిపిస్తుంది.

బొగ్గును తిట్టడం నా ఉద్దేశం కాదని ఇక్కడ స్పష్టం చెయ్యాలి. ఎన్నూరు రెండో యూనిట్ వచ్చిన ఏడాది నేను పదో తరగతి. ఆ కరెంటు దీపం కింద చదివి, ఆ బొగ్గు లెక్కలు రాసి సంపాదించిన జీతంతో పిల్లలను చదివించాను. ఆ స్టేషనులో పనిచేసినవారు నగరానికి చేసిన సేవ సామాన్యమైనది కాదు. మూతపడే నాటికి యంత్రాలు ముసలివయ్యాయి, తరచూ ట్రిప్ అయ్యేవి, ఒక యూనిట్ కరెంటుకు తినే బొగ్గు పెరిగింది. 2017 మార్చి 31న మూసివేశారు. మొదటి యూనిట్ పుట్టినరోజూ అదే కావడం కాకతాళీయం కావచ్చు. ఆర్థిక సంవత్సరం ముగిసే రోజున పుట్టి, ఆర్థిక సంవత్సరం ముగిసే రోజునే పోయింది. లెక్కలు రాసుకునే నాలాంటి వాడికి అందులో వింతేమీ కనిపించదు.

అయితే మూసివేతతో అక్కడి పని ముగిసిందా అంటే ముగియలేదు. పాత స్టేషన్ ఆవరణలోనే 660 మెగావాట్ల విస్తరణ యూనిట్ ఒకటి ఎప్పుడో మొదలై, గుత్తేదారు మారి, సగంలో నిలిచి ఉంది. మిగిలిన పనికి అనుమతి కోసం 2024 డిసెంబరులో ఎర్ణావూరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, స్థానికులు గట్టిగా వ్యతిరేకించారు. ఉప్పుటేరుకు అవతల ఎన్నూరు ప్రత్యేక ఆర్థిక మండలి పేరుతో 660 మెగావాట్లవి మరో రెండు కడుతున్నారు. 2025 సెప్టెంబరు 30న అక్కడ నిర్మాణంలో ఉన్న ఉక్కు చట్రం కూలి తొమ్మిది మంది వలస కూలీలు చనిపోయారు. వారిలో ఎక్కువమంది అస్సాం నుంచి వచ్చినవారు. మెగావాట్లను లెక్కించే చరిత్రలో వారి పేర్లు రావు. బకింగ్‌హాం కాలువ తవ్వినవారి పేర్లూ ఎక్కడా లేవు.

ఒక కేంద్రం మూతపడినప్పుడు ఏం పోతుందో తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. 1966లో మొదలైన కొత్తగూడెం పాత స్టేషన్ కూలింగ్ టవర్లు ఎనిమిదింటినీ 2024 ఆగస్టులో పేల్చి పడగొట్టినప్పుడు ఆ దృశ్యాన్ని మనమంతా ఫోన్లలో చూశాం. కొద్ది క్షణాల్లో దుమ్ము. రామగుండంలో 1971 నాటి 62.5 మెగావాట్ల యూనిట్ కూడా అదే ఏడాది మూతపడింది. పాల్వంచ, రామగుండం కబుర్లు చెప్పేవారు ఇంకా చాలామంది ఉన్నారు. ఎన్నూరు కబుర్లు చెప్పేవారిలో తెలుగు మాట్లాడేవారు ఏటేటా తగ్గిపోతున్నారు. బాయిలరు మీద, బొగ్గు గుట్ట మీద, హార్బరులో, యార్డులో పనిచేసిన తెలుగువారు తిరువొత్తియూరులోను, కొరుక్కుపేటలోను, వ్యాసర్పాడిలోను ఇంకా కొందరు ఉన్నారు. అందరూ డెబ్భై దాటినవారే. కనుక ఒక విన్నపం. ఈ విషయం మీద మీరు మళ్లీ రాయదలిస్తే, మెగావాట్లు ఎవరైనా ఇస్తారు కాబట్టి, వీరి దగ్గరకు ఒక విలేఖరిని పంపండి. లాగ్ పుస్తకాల్లో రాయని సంగతులు వారి దగ్గర ఉన్నాయి. ఏ మిల్లు ఏ రాతికి మొరాయించేదో, ఏ సంవత్సరం బొగ్గు గుట్ట తనంతట తానే అంటుకుని ఎన్ని రోజులు పొగలు కక్కిందో, రాత్రి షిఫ్టులో టీ ఎక్కడ దొరికేదో వారు చెబుతారు. స్టేషన్ పాత రికార్డులు, నక్షాలు తుక్కు కింద పోకుండా రాష్ట్ర పురాలేఖ విభాగానికి చేర్చమని కోరుతూ నేను విడిగా సంబంధిత శాఖకు లేఖ రాశాను. మీ పత్రిక కూడా ఆ మాట రెండు ముక్కల్లో రాస్తే ఉపకారం.

ఇక ఫోటో సంగతి. వ్యాసంతో వేసిన పెద్ద చిత్రం కింద ‘మూతపడిన ఎన్నూరు థర్మల్ స్టేషన్’ అని ఉంది. అందులో ముందు ఉప్పుటేరు నీరు, పడవ, పడవ వెనుక స్టేషను, కుడివైపు సముద్రం ఉన్నాయి. సముద్రం కుడివైపు ఉందంటే ఫోటో తీసిన మనిషి ఉత్తరానికి ముఖం పెట్టి నిలబడ్డాడు, ఏటికి దక్షిణపు గట్టున ఉన్నాడు. ఎన్నూరు స్టేషన్ కూడా ఆ దక్షిణపు గట్టు వైపుదే కనుక అది అతని వెనుక ఉండాలి. చిత్రంలో ఉన్నది ఏటికి ఉత్తరాన ఉన్న ఉత్తర చెన్నై స్టేషన్. పొగగొట్టం నుంచి పొగ కూడా వస్తోంది. దయచేసి సవరణ వెయ్యగలరు.

భవదీయుడు,
ఒక విశ్రాంత రైల్వే గూడ్సు ఉద్యోగి,
తండయార్‌పేట, చెన్నై.